సరస్వతి మంచిగున్నది

కానీ ప్రశ్నకూ జవాబుకూ మధ్య కాస్త ఖాళీ ఉండాలి కదా అనుకుంటున్నాడు విఠల్, నీళ్ల చెంబు నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని. ఎవరైనా "మంచిగున్నవా?" అని అడిగితే మనిషి ఒకసారి లోపలికి వెళ్లి, ఏ గదిలో దీపం వెలుగుతోందో ఏ గదిలో ఆరిపోయిందో చూసుకుని, అప్పుడు బయటికి వచ్చి చెప్పాలి. ఎవరూ అలా చూసుకోరు. ప్రశ్న ఇంకా అడిగేవాడి నోట్లో ఉండగానే జవాబు తయారై ఉంటుంది. మంచిగున్న. డాక్టరు మోకాలి మీద తడితే కాలు లేస్తుంది చూడండి, అలా లేస్తుంది ఆ మాట. అందులో మనిషి ప్రమేయం ఏమీ ఉండదు.

చెంబు ఇంకా గాలిలోనే ఉంది. ఈమధ్య ఇలాగే జరుగుతోంది. చెంబు ఎత్తాక తరవాత చేయవలసిందేమిటో గుర్తుకు రావడానికి కొంతసేపు పడుతోంది. చెంబు పక్కకు ఒరిగి సగం నీళ్లు గోడ మీద పడ్డాయి. ఎండాకాలం, ఊళ్లో నీళ్లకు కటకట, పైగా తను పనిచేసేది నగర నీటి సరఫరా సంస్థలో. గోడకు స్నానం చేయించినందుకు సిగ్గుపడి, మిగిలినవి గబగబా పోసుకున్నాడు.

విఠల్ ఆ సంస్థలో కంప్యూటర్ల మనిషి. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఈ నెలాఖరుకు మళ్లీ పొడిగించాలి. సంతకం పెట్టవలసింది డైరెక్టర్ పురుషోత్తం గారు.

ఇంట్లో నీళ్లు అయిపోయినవాళ్లు ఫోన్లో ట్యాంకర్ బుక్ చేసుకునే యాప్ ఒకటి ఆ సంస్థకు ఉంది. నిరుడు దానికి ఒకే సర్వర్ ఉండేది. పొద్దున్నే ఊరంతా ఒక్కసారిగా మీద పడేసరికి అది కుప్పకూలింది. అందుకని ఈ ఏడు యాప్‌ను క్లౌడ్‌లోకి ఎక్కించి, మూడు సర్వర్లు అద్దెకు తీసుకున్నారు. నీళ్ల సంస్థ కనుక వాటికి నదుల పేర్లు ఉండాలని డైరెక్టర్ గారు గంగ, యమున, సరస్వతి అని నామకరణం చేశారు. మూడో పేరు విన్నప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ప్రారంభోత్సవం రోజు సూపరింటెండెంట్ రాజలింగం కొబ్బరికాయ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఇంతకూ ఆ క్లౌడ్ ఎక్కడుంటది విఠల్?"

"ఎక్కడో ఉంటది సార్. మనకు కనబడదు."

"మరి కాయ ఎక్కడ కొట్టాలె?"

చర్చించి, చివరికి టెర్రస్ మీద కొట్టారు, అదైతే కొంత దగ్గరవుతుందని. ఆకాశంలో మబ్బు తునక లేదు. కొబ్బరి ముక్క నములుతూ రాజలింగం పైకి చూసి దండం పెట్టాడు.

మూడు సర్వర్ల ముందు విఠల్ ఒక లోడ్ బ్యాలెన్సర్‌ను కూర్చోబెట్టాడు. అది ద్వారపాలకుడి లాంటిది. వచ్చిన బుకింగులను వంతుల వారీగా ముగ్గురికీ పంచుతుంది. ఇంకొక పని కూడా చేస్తుంది. అరనిమిషానికోసారి ప్రతి సర్వర్‌నూ "మంచిగున్నవా?" అని అడుగుతుంది. జవాబు వచ్చినవాళ్లకే పని ఇస్తుంది. ఎవరైనా జవాబు చెప్పకపోతే ఎందుకని నిలదీయదు, మెమో ఇవ్వదు, మొహం ముడుచుకోదు. వాళ్ల వంతు పనిని నిశ్శబ్దంగా మిగతా ఇద్దరికీ పంచి, కోలుకున్నాక మళ్లీ వరసలో కలుపుకుంటుంది. విఠల్‌కు లోకంలో తెలిసిన మర్యాదల్లో ఇదే అన్నిటికన్నా గొప్పదనిపించేది. ఒక్కోసారి పని లేకపోయినా దాన్ని చూస్తూ కూర్చునేవాడు. అడగడం, వినడం, వదిలెయ్యడం. అమ్మ పోయాక తనను అలా అడిగినవాళ్లెవరో గుర్తు చేసుకోబోయి, మానేసేవాడు.

సమావేశ మందిరంలో పెద్ద టీవీ మీద మూడు పచ్చ దీపాలు వెలుగుతుండేవి. ఎండలు ముదిరిన వారంలో ఒక మధ్యాహ్నం సరస్వతికి ఒంట్లో బాగుండలేదు. లోపల పాత బుకింగులు పేరుకుపోయి ఊపిరాడక, అడిగినదానికి బదులు చెప్పలేదు. దీపం ఎర్రబడింది. దాని పని గంగకూ యమునకూ వెళ్లింది. ఊళ్లో ఒక్క ట్యాంకరూ ఆగలేదు. ఒక్క బిందె కూడా ఖాళీగా మిగల్లేదు. నిజానికి ఆ ఏర్పాటు పెట్టిందే అందుకు.

దురదృష్టవశాత్తూ అదే సమయంలో పైనుంచి వచ్చిన తనిఖీ బృందం ఆ టీవీ ఎదుట కూర్చుని జీడిపప్పు తింటోంది.

వాళ్లు వెళ్లిపోయాక డైరెక్టర్ గారు విఠల్‌ను పిలిపించారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. ఆయన మాటలు పుడుతూనే టైపు కొట్టినట్టు ఉంటాయి.

"ఆ ఎర్ర దీపం ఏ అధికారి ముందస్తు అనుమతితో వెలిగినట్టు?"

"సరస్వతికి మంచిగ లేకుండె సార్. అందుకే పక్కకు తప్పుకుంది. అట్ల తప్పుకుంటేనే పని ఆగదు."

"పని ఆగిందా లేదా అనునది వేరే అంశం. విధి నిర్వహణలో ఉన్న సర్వర్ తనంత తానుగా తప్పుకొనుట అనునది ప్రస్తుత అంశం. రేపు రాజలింగం కూడా తప్పుకుంటాడు. ఏమంటారు?"

రాజలింగం తప్పుకోనన్నట్టు గుమ్మం దగ్గర తల ఊపాడు.

సాయంత్రానికి సరస్వతి పేర మెమో తయారైంది. "మీరు పనివేళలలో పై అధికారుల అనుమతి లేకుండా అస్వస్థతకు గురై, తనిఖీ బృందం సమక్షమున ఎర్రబడి, సంస్థ ప్రతిష్ఠకు భంగము కలిగించినందున, మీపై శాఖాపరమైన చర్య ఏల తీసుకొనరాదో తెలుపగలరు."

"దీనికి జవాబు ఎవరు రాయాలె సార్?" అని అడిగాడు విఠల్.

"సరస్వతి రాయాలె," అన్నాడు రాజలింగం. తరవాత కొంచెం ఆలోచించి, "అంటే నువ్వు రాయాలె. మైనర్లకు తండ్రి సంతకం పెడ్తడు గదా, గట్ల. ఎండల వల్ల అయింది, ఇకముందు కాకుండ చూసుకుంట, పెద్దలు మన్నించగలరు అని రాయి. ఎక్కువ రాయకు. ఎక్కువ రాస్తే ఎంక్వైరీ పడ్తది."

విఠల్ రాశాడు. సరస్వతి తరఫున క్షమాపణ కోరుతుంటే వాక్యాలు ఎక్కడా ఆగకుండా వచ్చాయి. ఇంతకు ముందు చాలాసార్లు, చాలామందికి, మనసులో రాసుకున్నవే అవి.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. ఇకపై ఏ సర్వర్ అయినా అస్వస్థతకు గురి కాదలచినచో ఒకరోజు ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. సివిల్ సర్జన్ స్థాయికి తగ్గని వైద్యుడి ధ్రువపత్రం జతపరచాలి. అట్టి ధ్రువపత్రం లేనిచో సదరు సర్వర్ ఆరోగ్యంగా ఉన్నట్టే భావించబడును.

"సార్, సర్వర్‌ను ఏ డాక్టర్ చూస్తడు?" అన్నాడు విఠల్.

"అది సర్వర్ చూసుకోవాలి," అన్నారు డైరెక్టర్ గారు. "మీరు ఒకటి గ్రహించాలి విఠల్. ఈ సంస్థలో అస్వస్థత అనే స్థితికి పరిపాలనా అనుమతి లేదు. కాబట్టి ఆ జవాబు ఎల్లప్పుడూ సక్రమంగా వచ్చేట్టు ఏర్పాటు చేయండి."

ఏర్పాటు ప్రోగ్రాములో ఒకే ఒక్క లైను. ఎవరు ఎప్పుడు అడిగినా, లోపలికి తొంగిచూడకుండా, మంచిగున్న అని చెప్పు. దాన్ని రాయడానికి విఠల్‌కు నిమిషం కూడా పట్టలేదు. మూడు సర్వర్లలోనూ పెట్టాడు. టీవీ మీద మూడు దీపాలు పచ్చగా వెలిగాయి. రాజలింగం సంతోషించి చాయ్ తెప్పించాడు.

సరస్వతి మాత్రం కోలుకోలేదు. ద్వారపాలకుడికి ఆ సంగతి తెలిసే దారి మూసుకుపోయింది కనుక, అది ఎప్పటిలాగే నమ్మకంగా ఆమె వంతు బుకింగులు ఆమెకు పంపుతూ పోయింది. "మీ బుకింగ్ అందింది, ధన్యవాదాలు" అని జనానికి మెసేజ్ పంపేంత శక్తి సరస్వతికి ఇంకా ఉంది. ఆ బుకింగును ట్యాంకర్ డ్రైవర్‌కు చేర్చే శక్తి లేదు. విఠల్ దీని గురించి చాలా ఆలోచించాడు. కూలిపోతున్నవాళ్లలో మర్యాద అన్నిటికన్నా చివర పోతుంది కాబోలు. అది పోయేదాకా ఎవరికీ తెలియదు.

ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చునే నస్రీన్ మూడో రోజుకల్లా అతని టేబుల్ దగ్గరికి వచ్చింది.

"విఠల్ భయ్యా, ఇదేం లొల్లి? ధన్యవాదాలు అని మెసేజ్ వస్తుందంట, ట్యాంకర్ రాదంట. ఒకామె అంటుంది, ధన్యవాదాలు బిందెల పోసుకోవాల్నా అని. నేనేం చెప్పాలె?"

"మళ్లీ బుక్ చేయమను. రెండోసారి గంగకో యమునకో పోతది."

అలా చెప్పింది. మళ్లీ బుక్ చేసినవాళ్లకు నీళ్లు వచ్చాయి. ఈ సంగతి సమీక్షా సమావేశంలో బయటపడింది. డైరెక్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒకే పౌరుడు ఒకసారి నిరాకరింపబడి, మరొకసారి అనుగ్రహింపబడుట పక్షపాతానికి తావిస్తుంది. రేపు ఆడిట్ వాళ్లు అడిగితే ఏం చెబుతాం? ఇకమీదట ప్రతి కుటుంబమూ ఏదో ఒక్క సర్వర్‌కే శాశ్వతంగా అనుబంధింపబడవలెను. నిలకడ ఉండాలి."

విఠల్ అదీ చేశాడు; సర్వర్ మంచిగున్నానని చెబుతున్నంతకాలం దాని ఇళ్లు దాన్నే పట్టుకుని ఉంటాయి. గుట్టకింది కాలనీ సరస్వతికి వెళ్లింది. ఆ కాలనీలో అతని అక్క సుగుణ ఉంటుంది.

ఫలితాలు తరవాతి సమావేశంలో తెర మీద చూపించారు. మూడింట రెండు వంతుల ప్రజలు పూర్తిగా తృప్తిగా ఉన్నారు. మిగతా ఒక వంతు పూర్తిగా అసంతృప్తిగా ఉన్నారు. మధ్యలో ఊగిసలాడేవాళ్లు ఎవరూ లేరు. సంస్థ చరిత్రలో ప్రజాభిప్రాయం ఇంత స్పష్టంగా ఎన్నడూ లేదని డైరెక్టర్ గారు అభినందించారు.

ఆ సమావేశం అయ్యాక విఠల్ డైరెక్టర్ గారి వెనకే ఆయన గదిలోకి వెళ్లాడు.

"సార్, సరస్వతి మంచిగ లేదు."

డైరెక్టర్ గారు గోడ మీద ఉన్న చిన్న టీవీ చూపించారు. మూడు పచ్చ దీపాలు.

"మంచిగున్నానని తానే చెబుతోంది కదా. స్వయంగా చెప్పినదానికన్నా మీ మాట ఎక్కువా?"

"అట్ల చెప్పమని రాసింది నేనే సార్."

"మరి మీరు రాసినదాన్ని మీరే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?" అన్నారాయన, నిజంగా బాధపడుతూ. "చూడండి విఠల్, మీ పొడిగింపు ఫైలు ఇక్కడే ఉంది. నెలాఖరుదాకా మూడూ పచ్చగా ఉంటే సంతకం పెట్టడానికి నాకేం అభ్యంతరం? మీరెందుకో ఈమధ్య చాలా దిగులుగా కనబడుతున్నారు. అంతా మంచిదే కదా?"

"మంచిదే సార్," అన్నాడు విఠల్.

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో తెలియలేదు. లేచినప్పుడు ఎంతసేపు కూర్చున్నాడో కూడా తెలియలేదు.

పచ్చదనం డైరెక్టర్ గారికి నచ్చింది. సర్వర్లు సాధించినదాన్ని సిబ్బంది మాత్రం ఎందుకు సాధించలేరని ఆయనకు తోచింది. వారం తిరక్కుండానే "సిబ్బంది క్షేమ విచారణ" మొదలైంది. పనివేళల్లో గంటగంటకూ ప్రతి ఉద్యోగి ఫోన్‌కూ "మంచిగున్నారా?" అని మెసేజ్ వస్తుంది. కింద రెండు మీటలు ఉంటాయి. "ఉన్నాను", "లేను". జవాబును బట్టి టీవీ మీద వాళ్ల పేరు పక్కన దీపం వెలుగుతుంది. లేనన్నవాళ్ల పని ఉన్నవాళ్లకు పంచబడుతుంది.

మొదటిరోజు భోజనాల వేళకల్లా అకౌంట్స్ సెక్షన్ మొత్తం మంచిగ లేదు. సాయంత్రానికి ఆఫీసు పని అంతా రాజలింగం ఒక్కడికే వచ్చింది. అతను పొరపాటున "ఉన్నాను" నొక్కాడు.

"నాకు బీపీ ఉంది విఠల్. షుగర్ ఉంది. మోకాళ్లు లేవు," అన్నాడు అతను ఫైళ్ల మధ్యనుంచి. "అయినా మంచిగున్న అని ఎందుకు నొక్కిన్నో నాకే సమజైతలేదు."

మర్నాడు "లేను" అనే మీటను తీసేశారు. ఒకటే మీట మిగిలింది. నొక్కనివాళ్లకు మెమో వస్తుంది. అప్పటినుంచి ఆఫీసు అంతా గంటగంటకూ మంచిగుంటూ వచ్చింది. ఒక గుమాస్తా మామగారి దహనం దగ్గర నిలబడి నొక్కాడు. నస్రీన్ పంటి డాక్టర్ కుర్చీలో నోరు తెరిచి ఉండగా నొక్కింది.

ఊరి చివర రిజర్వాయర్ దగ్గర వాల్వ్ తిప్పే ఓదెలు మాత్రం విఠల్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. "సారూ, నా చేతులు ఎప్పుడూ తడిగుంటయి. వాల్వ్ తిప్పాల్నా, మీట నొక్కాల్నా? దానంతట అదే నొక్కుకునేటట్టు చెయ్యరాదు?" విఠల్ అతని ఫోన్లో కూడా ఆ లైను పెట్టాడు. పెడుతూ పెడుతూ, ఎందుకో, తన ఫోన్లోనూ పెట్టుకున్నాడు. హాయిగా అనిపించింది. ఇక ఎవరు అడిగినా తను అక్కడ ఉండనక్కర్లేదు.

కొన్నాళ్లకు "ఉత్తమ క్షేమ ఉద్యోగి" పురస్కారం ప్రకటించారు. ఒక్కసారి కూడా జవాబు ఆలస్యం చేయని ఉద్యోగికి శాలువా, జ్ఞాపిక. లెక్క తీస్తే ఓదెలు వచ్చాడు. విఠల్ పేరు రెండోది. సభ రోజు ఓదెలు పేరు పిలిస్తే నూలు చీర కట్టుకున్న ఒకామె వేదిక దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఓదెలు రాలేదా అమ్మా?" అన్నాడు రాజలింగం.

"ఆయన లేడు సార్. పోయిండు. మొన్ననే దినాలు కూడ అయినయి," అంది ఆమె. "చెప్పుదామని ఫోన్ చేస్తే, టీవీల మంచిగున్నట్టే వస్తుంది, మళ్లొకసారి చూసుకోమన్నరు."

డైరెక్టర్ గారు మైకు దగ్గరికి వచ్చారు.

"కొందరు బతికి ఉండీ సకాలంలో జవాబు ఇవ్వరు," అన్నారు, గొంతు నిజంగానే కాస్త బొంగురుపోగా. "అటువంటిది, మరణం కూడా ఓదెలు నిబద్ధతకు ఆటంకం కాలేకపోయింది."

చప్పట్లు మోగాయి. శాలువాను ఆమె భుజాల మీద కప్పారు. ఆమె దాన్ని తీసి, మడిచి, చంకలో పెట్టుకుంది. "ఆ ఫోన్ ఆపమని చెప్పుండ్రి సార్," అంది వెళ్లబోతూ, ఫలానా వాళ్లతో అని కాకుండా. "ఇంట్ల గంటగంటకు టింగుమంటది. పోరగాండ్లు ఉలిక్కిపడుతున్నరు."

విఠల్ తన సీటు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. జేబులో అతని ఫోన్ కూడా టింగుమంది. అడిగింది, అదే చెప్పుకుంది. తను రేపు లేవకపోయినా ఇది ఇలాగే చెబుతుంటుంది. నెలాఖరున కాంట్రాక్టు పొడిగిస్తారు. వచ్చే ఏడు మొదటి బహుమతి.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి సుగుణక్క.

"తమ్మీ, ఇయ్యాల గూడ రాలే ట్యాంకర్. ఎన్ని దినాల నుంచో పక్క బస్తీకెళ్లి రెండు బిందెలు తెచ్చుకుంటున్న. మీ ఆఫీసోళ్లకు జెర చెప్పరాదురా."

"చెప్తనక్కా."

"నువ్వు మంచిగున్నవా?"

"మంచిగున్న."



"మీ ట్యాంకర్ మెసేజ్ లెక్కనే ఉందిరా నీ మాట," అంది. "టక్కున వస్తది. వెనక నీళ్లు రావు."

పెట్టేసింది. కోపంగా కాదు. స్టవ్ మీద ఏదో పొంగుతున్నట్టుంది.

విఠల్ స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. మూడు పచ్చ దీపాలు. పైన గదిలో తన ఫైలు. ఫైలు గురించి ఆలోచించాలని ప్రయత్నించాడు. అద్దె, రూము, ముప్పై దాటాక మళ్లీ ఉద్యోగం వెతుక్కోవడం. అవన్నీ ఎవరో పక్కగదిలో మాట్లాడుకుంటున్నట్టు వినిపించాయి. దగ్గరగా వినిపిస్తున్నది ఒకటే, గోడ మీద ఒలికిన నీళ్ల చప్పుడు.

సరస్వతిని తెరిచి ఆ లైను తీసేశాడు.

ద్వారపాలకుడు తన వేళకు వచ్చి అడిగాడు. మంచిగున్నవా? సరస్వతి ఏమీ అనలేదు. మళ్లీ అడిగాడు. ఏమీ అనలేదు. దీపం ఎర్రబడింది. ఆమె దగ్గర ఆగిపోయి ఉన్న ఇళ్లన్నీ, గుట్టకింది కాలనీతో సహా, ఒకటొకటిగా గంగ వైపుకూ యమున వైపుకూ కదలడం తెర మీద కనిపించింది. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. అడగడం, వినడం, వదిలెయ్యడం.

సమావేశ మందిరం వైపునుంచి రాజలింగం గొంతు వినిపించింది. "విఠల్, ఎర్రగైంది! విఠల్!" తరవాత చెప్పుల చప్పుడు, ఎవరో తలుపు తీయడం. పైనుంచి బెల్లు మోగింది.

విఠల్ ఫోన్ తీసుకుని అందులోని లైను కూడా తీసేశాడు. అక్కకు ఫోన్ కలిపాడు.

"ఏమాయెరా? ఇప్పుడే గదా మాట్లాడినం," అంది సుగుణక్క. పెనం మీద గరిటె చప్పుడు. "మంచిగున్నవా?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది, మోకాలి మీద తట్టినట్టు. విఠల్ దాన్ని అక్కడే ఆపాడు. ఆపి, లోపలికి వెళ్లి చూశాడు. చూసి, ఏమీ అనకుండా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాడు.

గరిటె చప్పుడు ఆగింది. స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఆడనే ఉండు," అంది అక్క. "నేనొస్తున్న."